చిల్లర చట్టముల న్యాయము

(ఒక పట్టణ పఠనమందిరమున సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మేము ఈ సాయంకాలము రాజ్యాంగమును గూర్చియో, ప్రపంచశాంతిని గూర్చియో మాటలాడుదుమని తలంచి తాము విచ్చేసియుందురు. మేము చెప్పదలచినది అంతకంటె చాల చిన్న సంగతి. నాలుగు వీధుల కూడలియందు ఈల నోట బెట్టుకొని నిలిచియుండు కానిస్టేబులును గూర్చియు, మురుగుకాలువ ప్రక్కన తోపుడుబండిపై అరటిపండ్లమ్ముకొను ముసలమ్మను గూర్చియు, ఇంటి మెట్లను మూడడుగులు వీధిలోనికి జరిపి కట్టుకొనిన గృహస్థును గూర్చియు, ఆ మువ్వురి నడుమను సంచరించు చట్టమును గూర్చియు నాలుగు మాటలు విన్నవించుకొందుము. హత్యలను, దోపిడులను విచారించు చట్టములతో మనలో పెక్కుమందికి జన్మమధ్యమున పనియే కలుగదు. దినదినమును మనలను తాకునవి చిల్లర చట్టములే. ప్రభుత్వ మెట్టిదో సామాన్యునకు తెలియునది ఉన్నతన్యాయస్థానపు తీర్పుల వలన కాదు. కూడలిలో తన బండి నాపిన నాటి అయిదు నిమిషముల వలన.

ఈ చట్టముల విషయమున మన పట్టణములలో రెండు మొరలు వినవచ్చుచుండును. చట్టమునకు భయపడువాడే లేడు, కఠినముగా నడపిననే గాని జనులు దారికి రారు అని కొందరందురు. కఠినమంతయు బీదవాని నెత్తినే పడుచున్నది, పెద్దవానిని అడుగువారు లేరు అని మరికొందరందురు. మొదటివారు కాఠిన్యమును కోరుదురు, రెండవవారు న్యాయమును కోరుదురు. ఈ రెండును పరస్పర విరుద్ధములని ఇరువురును నమ్ముదురు. మేము నమ్మము. అలసత్వమును, పక్షపాతమును ఒకే జబ్బుయొక్క రెండు లక్షణములు. ఎట్లో వివరించెదము.

ఒక చట్టమును పదిమందిలో తొమ్మండుగురు మీరుచున్నారనుకొనుడు. తొమ్మండుగురిని ఒక్కసారి పట్టుట కానిస్టేబులునకు శక్యము కాదు. అతడు ఒక్కనిని ఏరవలెను. ఏరుకొనుట యనునది ప్రవేశించిన క్షణముననే చట్టము చట్టముగా నిలువదు. ఏరువాని సొంత ఆస్తి యగును. అతడు ఎవనిని ఏరును? అద్దములు మూసికొని పోవు పెద్దకారును ఆపునా? లోపల నెవరున్నారో, ఎవరికి చెప్పుదురో, రేపు తనకు ఏ యేజెన్సీ గ్రామమునకు బదిలీ వచ్చునో! కావున సంచి తగిలించుకొని పనికి పోవుచున్న తాపీమేస్త్రీని ఆపును. అతనికి ఫోను చేసి చెప్పించుటకు ఎవరును లేరు. ఇందు కానిస్టేబులు దుర్మార్గుడు కానక్కరలేదు. ఉద్యోగమున్నవాడు, పిల్లలుగలవాడు, సాయంకాలమునకు పైయధికారికి లెక్క చెప్పవలసినవాడు అగుటయే చాలును. ఎల్లవారును చట్టము మీరు తావున, శిక్ష యెల్లప్పుడు దిక్కులేనివానిని వెదకుకొని పోవును. కావుననే న్యాయము కోరువారు కాఠిన్యమును కూడ కోరవలసియున్నదని మేము చెప్పుచున్నాము. అయితే మేము చెప్పు కాఠిన్యము జరిమానా మొత్తమునకు సంబంధించినది కాదు.

దీనికి మోటారు వాహనముల చట్టము కంటె మంచి నిదర్శనము లేదు. 1988 నాటి ఆ చట్టమును పార్లమెంటు 2019లో సవరించెను. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీ నుండి జరిమానాలు పెరిగినవి. హెల్మెట్టు లేక ద్విచక్రవాహనము నడపువానికి అంతకుముందు 100 రూపాయలు. సవరణ తరువాత 1,000 రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సునకు అనర్హత. లైసెన్సు లేక నడపువానికి 500 నుండి 5,000. త్రాగి నడపువానికి 2,000 నుండి 10,000. ఏమి జరిగెను? దేశమంతట గగ్గోలు పుట్టెను. పది దినములు తిరుగకుండనే గుజరాతు ప్రభుత్వము పెక్కు జరిమానాలను తగ్గించి, హెల్మెట్టు జరిమానాను 500 చేసెను. పశ్చిమబెంగాలు మొదలయిన కొన్ని రాష్ట్రములు అప్పట్లో సవరణను అమలుపరచుటకే సమ్మతింపలేదు. పార్లమెంటు ఒకటి చెప్పినది, రాష్ట్రము వేరొకటి చెప్పినది. కూడలిలోని కానిస్టేబులు ఏమి చెప్పెనో తాము ఎరుగుదురు.

2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములలో ఈ దేశమున మరణించినవారు 1,68,491 మంది. వారిలో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది అని కేంద్ర రవాణాశాఖవారే ప్రకటించిరి. ఆ యేబదివేలలో పదునాలుగు వేలకు పైబడినవారు వెనుక కూర్చుండినవారు. అనగా పెక్కుచోట్ల భార్యలు, తల్లులు, పిల్లలు. జరిమానా పదిరెట్లు పెరిగిన మూడేండ్లకు వచ్చిన లెక్క యిది. చట్టమున కాఠిన్యము లేకుండెనా? అంకెలలో కావలసినంత యుండెను. వీధిలో లేకుండెను.

మరియొక చిక్కును గమనింపుడు. జరిమానా 100 రూపాయలుగా నున్నపుడు కానిస్టేబులు దయ విలువ ఇరువదియో ముప్పదియో. జరిమానాను వేయి చేసి, పట్టుబడు నిశ్చయమును మాత్రము పెంచనియెడల, ఆ దయ వెల మున్నూరుగా పెరుగును. అనగా శాసనసభ కూర్చుండి లంచమునకు ధర పెంచి పంపినట్లయినది. ఇటలీ దేశమున బెక్కరియా యను పండితుడు 1764లో నేరములను శిక్షలను గూర్చి ఒక గ్రంథము వ్రాసి, నేరమును ఆపునది శిక్షయొక్క క్రౌర్యము కాదనియు, అది తప్పదను నమ్మకమే యనియు వాదించెను. రెండువందల యేబదియేండ్లు దాటినవి. మన ప్రభుత్వములు ఇప్పటికిని జరిమానా అంకె ప్రక్కన సున్న చేర్చుటనే సంస్కరణమని భావించుచున్నవి. సున్న చేర్చుటకు ఖర్చు లేదు. ప్రతిదినము, ప్రతి కూడలియందు, ప్రతివానిని ఒకేరీతిగ అడుగుటకు మనుష్యులు కావలెను, జీతములు కావలెను, మంత్రిగారి బంధువును ఆపిన నాడు వెనుక నిలుచు అధికారి కావలెను.

ఇంక మన యింటి కథ వినుడు. తెలంగాణ రాష్ట్రమున బండ్లపై చెలానులు చెల్లింపక పేరుకొనిపోయినవి. 2022 మార్చిలో పోలీసువారు ఒక తగ్గింపును ప్రకటించిరి. ద్విచక్రవాహనములవారు బాకీలో నాలుగవవంతు కట్టిన చాలును. కార్లవారు సగము కట్టిన చాలును. జనులు ఎగబడి కట్టిరి. అంతటితో ఆగినదా? 2023 డిసెంబరు చివర మరల తగ్గింపు. ఈసారి ద్విచక్రవాహనములకు నూటికి 80, కార్లకు నూటికి 60 తీసివేసిరి. సంక్రాంతికి బట్టల దుకాణమువారు చేయు పనిని పోలీసుశాఖవారు చేసిరని నవ్వుకొన్నవారు కలరు. మాకు నవ్వు రాలేదు.

లెక్క వేసి చూడుడు. ఇద్దరు పొరుగువారికి 2021లో చెరి వేయి రూపాయల చెలాను వచ్చినదనుకొందము. మొదటివాడు తప్పు చేసితినని ఎరిగి వారము దినములలో వేయియు కట్టెను. రెండవవాడు కాగితమును చించి పారవేసెను. 2022లో రెండవవాడు 250 రూపాయలతో ఋణవిముక్తుడయ్యెను. వాడు ఆ యేడు కూడ కట్టక మొండికెత్తి కూర్చుండినయెడల 2023 చివర 200 రూపాయలతో బయటపడును. మొదటివానికి ప్రభుత్వము 750 రూపాయలు తిరిగి యిచ్చినదా? లేదు. వానికి ఇచ్చిన దేమనగా ఒక పాఠము: చట్టమును మన్నించుట తెలివితక్కువ. ఒక్కసారి మాఫీ చేసిన బీదలపై కనికరమని సరిపెట్టుకొనవచ్చును. రెండవసారి చేసినపుడు అది వేచియుండినవారికి బహుమానమగును. మూడవదానికై నేడు ఎందరో చెలానులు దాచుకొని కూర్చున్నారనిన వారిని తప్పుపట్టుట యెట్లు?

బీదవాడు వేయి రూపాయలు కట్టజాలడు నిజమే, అతనికి తగ్గించుట న్యాయము గాదా యని తాము అడుగుదురు. న్యాయమే. అయిన ఆ కనికరము జరిమానా విధించునాడే చట్టమునందు వ్రాయబడి యుండవలెను. దినకూలి వేయి రూపాయలు ఇచ్చుటకు రెండు దినముల కూలి పోగొట్టుకొనును. అదే వేయి పెద్ద కారులోని వ్యాపారికి కాఫీహోటలు ఖర్చు. ఒకే యంకె ఇద్దరికి ఒకే శిక్ష కాదు. ఫిన్లాండు దేశమువారు 1921 నుండియు జరిమానాను రూకలలో గాక దినాదాయములలో కొలుచు పద్ధతిని నడపుచున్నారు. అతివేగమునకు ధనికుడు అక్కడ వేలకొలది యూరోలు చెల్లించిన సందర్భములు కలవు. మన దేశమున ఆదాయములు లెక్కకు దొరకవు గనుక ఆ పద్ధతి యథాతథముగా పొసగక పోవచ్చును. వాహనపు వెలను బట్టి జరిమానా నిర్ణయించుటకు మాత్రము అడ్డేమి? రిజిస్ట్రేషను కాగితముననే వెల యున్నది. 2024 జూలై 1వ తేదీ నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయందు కొన్ని చిన్న నేరములకు సమాజసేవను శిక్షగా చేర్చిరి. డబ్బులేనివాడు జరిమానాకు బదులు ఒక దినము కూడలిలో బాటసారులను దాటించుచు నిలువవచ్చును గదా! ఇవి కనికరపు మార్గములు. ఏటి చివర తగ్గింపు ప్రకటించుట ఖజానా మార్గము.

ఈ సందర్భమున మన ప్రాచీనుని ఒకనిని తలచుకొనుట అసందర్భము కాదు. కౌటిల్యుడనగనే క్రూరదండనము మాత్రమే కొందరికి గుర్తు వచ్చును. అర్థశాస్త్రము రెండవ అధికరణమున నగర పరిపాలనము చెప్పుచు ఆయన వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవవంతు, బురదనీరు నిలువజేసినవానికి నాలుగవవంతు జరిమానా విధించెను. రాజమార్గమున నయిన రెట్టింపు. ఎంత చిన్న మొత్తములో చూచితిరా! ఇంకను పవిత్రస్థలములయందు, నీటి తావులయందు మలమూత్రములు విడుచువారికి శిక్షలు చెప్పి, వెంటనే ఒక మినహాయింపును చెప్పినాడు: మందు వలన గాని, వ్యాధి వలన గాని, భయము వలన గాని అట్లు జరిగినయెడల దండనము లేదు. మాకు ఆ మినహాయింపు మిక్కిలి మనోహరముగా తోచినది. దయ అక్కడ శాసనముననే యున్నది. నగరాధికారి జేబులో లేదు. ప్రసవవేదన పడుచున్న భార్యను హెల్మెట్టు లేక ఆసుపత్రికి తీసికొనిపోవువానిని ఆపరాదని చట్టమే చెప్పినచో, ఆ భర్త కానిస్టేబులు కాళ్లు పట్టుకొననక్కరలేదు.

ఇక తోపుడుబండి ముసలమ్మ సంగతికి వత్తము. మోటారు చట్టము అందరిపై నడువవలసి, కొందరిపై నడచుచున్నది. ఈమె విషయమున అంతకంటె వింత: ఈమెను రక్షించు చట్టము నిద్రపోవుచుండగా, ఈమెను తరుము చట్టము మాత్రము మేలుకొనియున్నది.

వీధివర్తకమునకు రాజ్యాంగపు రక్షణ కలదనియు, అది తగిన కట్టుబాట్లకు లోబడియుండుననియు సర్వోన్నత న్యాయస్థానము 1989లోనే చెప్పెను. తరువాత ఇరువదియైదేండ్లకు, 2014లో, పార్లమెంటు వీధివర్తకుల జీవనోపాధి రక్షణ చట్టమును చేసెను. మంచి చట్టము. ప్రతి పట్టణమున వర్తకుల సంఘ మొకటి యుండవలెను; అందు నూటికి నలుబదిమందికి తక్కువ కాకుండ వీధివర్తకులే సభ్యులై యుండవలెను. అయిదేండ్ల కొకసారి వర్తకులను లెక్కింపవలెను. పట్టణ జనసంఖ్యలో నూటికి రెండున్నర మందికి మించకుండ వారికి చోటు చూపవలెను. లెక్క ముగిసి ధ్రువపత్రములిచ్చువరకు ఎవరిని తొలగింపరాదు. తొలగింపవలసి వచ్చినపుడు ముప్పది దినముల నోటీసు ఇయ్యవలెను. సరుకు పట్టుకొనినయెడల జాబితా వ్రాసి యియ్యవలెను. పాడైపోవు సరుకును అడిగిన నాడే తిరిగి యియ్యవలెను, తక్కినదానిని రెండు పనిదినములలో ఇయ్యవలెను.

ఇన్ని వలెనులను చదివిన పిమ్మట తాము తమ వీధి మొగదలకు పోయి చూడుడు. పురపాలక లారీ వచ్చును. ముప్పది దినములు కాదు గదా, ముప్పది క్షణముల నోటీసుండదు. త్రాసు ఒకడు లాగుకొనును, గంప ఒకడు విసరును. అరటిగెలలు లారీలో పడును. జాబితా యన నేమో ఆ లాగువానికి తెలియదు. ముసలమ్మ మరునాడు కార్యాలయమునకు పోయి మూడుగంటలు నిలిచి తెచ్చుకొనునది త్రాసు మాత్రమే. పండ్లు ఎట్లును కుళ్లిపోయినవి. ఆ ప్రక్కనే బట్టలదుకాణమువారు ఇనుపచట్రము వేసి కాలిబాటనంతయు కలుపుకొనిరి. దానిని ముట్టుకొనువారు లేరు. ముసలమ్మ బండి సాయంకాలమునకు పోవును, దుకాణపు చట్రము ముప్పదియేండ్లుండును; అయినను ఆక్రమణమనునది ముసలమ్మ చేసినదే! అధికారులు చట్టము అమలు చేయలేదని మేము ఆక్షేపించుట లేదు. ఒక చట్టములో తమకు పనికివచ్చిన పంక్తిని మాత్రము అమలు చేసిరని ఆక్షేపించుచున్నాము.

ఇందు మరియొక న్యాయసూత్ర మున్నది. పాటించుటకు వీలులేని శాసనమును కఠినముగా నడపుట న్యాయము కాదు. బజారులో బండి నిలుపుటకు ఒక గజము స్థలమైనను చూపక, బండి నిలుపరాదని పలకలు మాత్రము నాటిన పురపాలకసంఘము జనులను నేరస్థులను చేయుచున్నది. దాటుటకు గీతలు లేని వీధిలో అడ్డముగా దాటెనని బాటసారిని దండించుటయు అట్టిదే. మొదట తోవ చూపుడు. అటుపిమ్మట ఎవనిని విడువకుడు.

చట్టమును మీరుట మనకు అలవాటైనదానికి చరిత్ర కూడ కొంత కారణమని చెప్పువారున్నారు. పరప్రభుత్వము క్రింద శాసనోల్లంఘనము దేశసేవ యయ్యెను. ఆ వాసన పోలేదని వారి యభిప్రాయము. ఇది పూర్వులపై మోపిన అపనింద. చీరాల పేరాల కథను జ్ఞాపకము చేసికొనుడు. ప్రజల ఇష్టము లేక పురపాలకసంఘమును నెత్తిన రుద్ది పన్నులు పెంచినపుడు, 1921లో ఆ జనులు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఏమి చేసిరి? ఊరిలో ఉండి పన్ను ఎగవేయలేదు. ఇండ్లు వాకిండ్లు విడిచి పురపాలక పరిధి వెలుపల రామనగరమని పాకలు వేసికొని నెలల తరబడి ఎండకు వానకు ఓర్చిరి. పురము విడిచితిమి గనుక పురమునకు పన్ను బాకీ లేదనిరి. చెలాను చించిపారవేయు పెద్దమనిషికి ఆ రామనగరవాసులతో బంధుత్వ మెక్కడిది? గాంధిమహాత్ముడు 1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదు న్యాయస్థానమున నిలిచి నేరము నొప్పుకొని, చట్టము మంచిదని నమ్మినచో తనకు మిక్కిలి కఠినమైన శిక్ష వేయుమని న్యాయాధిపతినే కోరి, ఆరేండ్ల శిక్ష పొందెను. శాసనోల్లంఘనము శిక్షను వెంట తెచ్చుకొనును. ఎగవేత శిక్షను తప్పించుకొని పోవును. రెండింటికి సామ్యము లేదు.

ప్రభుత్వమువారి వంతు ఇంకను చెప్పవలసియున్నది. 2019 సవరణలోనే 210బి యను సెక్షను కలదు. ఈ చట్టమును అమలుచేయు అధికారియే దీనిని మీరినయెడల ఇతరులకు విధించు శిక్షకు రెట్టింపు శిక్ష అతనికి విధింపవలెనని దాని తాత్పర్యము. కౌటిల్యుని రాజమార్గము వంటిదే. నిలిచిన తావును బట్టి తప్పు రెట్టింపగుచున్నది. 198ఎ యను మరియొక సెక్షను ప్రకారము రోడ్డును విధి ప్రకారము నిర్మింపక, బాగుచేయక మరణమునకో, వైకల్యమునకో కారణమైన కంట్రాక్టరునకు గాని, అధికారసంస్థకు గాని లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చును. ఈ రెండు సెక్షనులను గూర్చి కూడలిలో పలకలు కట్టగా మేము చూడలేదు. హెల్మెట్టు పలకలు మాత్రము చాల కలవు. 2017 మే 1వ తేదీ నుండి మంత్రుల, అధికారుల కార్లపై ఎఱ్ఱదీపములు తీసివేసిరి. అది మంచి పని. దీపము పోయినది గాని దాని వెలుగు కొందరి ముఖములపై ఇంకను పోలేదు. బండి అద్దముపై 'పోలీసు' అని, 'ప్రభుత్వము' అని, 'న్యాయవాది' అని వ్రాయించుకొని తిరుగువారు కలరు. మా వృత్తివారును తక్కువ తినలేదు. 'ప్రెస్సు' అను రెండక్షరములు అంటించుకొనిన బండ్లలో అచ్చు సిరా వాసనయైన చూచినవి ఎన్నియో మాకు అనుమానమే.

తుదకు, మహాశయులారా, మంత్రులను కానిస్టేబులును నిందించిన తరువాత ఈ గదిలో కూర్చుండిన మనలను గూర్చి కూడ కొంచెము చెప్పక తప్పదు. చట్టము బీదవానిమీదికి పోవుటకు కారణము అధికారులు మాత్రమే కారు, చదువుకొనిన గృహస్థులు. మనకు ఒక జబ్బు కలదు, దాని పేరు సిఫారసు. కుమారుడు పదునారేండ్లకే బండి నడపి పట్టుబడును. తండ్రి మొదట చేయు పని యేది? జేబులోనుండి ఫోను తీసి, ఎరిగిన సర్కిలు ఇనస్పెక్టరు నెంబరు వెదకును. అదే సవరణచట్టము అట్టి తండ్రికి మూడేండ్ల వరకు జైలును, 25,000 రూపాయల జరిమానాను విధించుచున్నది. కాని ఫోను మాట ముగియకమునుపే కుమారుడు ఇంటికి వచ్చును. ఆ తండ్రి మంచివాడు, పరోపకారి, ఈ మందిరమునకు చందా ఇచ్చువాడు కూడ కావచ్చును. ఆ సాయంకాలము అతడు చేసిన దేమి? ఆ కూడలియందు కానిస్టేబులునకు ఒకనిని తక్కువ చేసెను. లెక్క నిండవలెను. ఆ ఖాళీలోనికి తాపీమేస్త్రీ వచ్చి నిలిచెను. సిఫారసు వలన తన పిల్లవానికి మేలే గాని ఒరులకు కీడు లేదని తలంచుట పొరపాటు. మనము తప్పించుకొనిన ప్రతి జరిమానాను ఎవడో ఒకడు, మనకంటె తక్కువవాడు, మన పక్షమున కట్టుచున్నాడు.

కావున మేము ఈ మందిరపు సభ్యులను వేడునది తీర్మానమును కాదు. తీర్మానములు ఇదివరకే బీరువా నిండ కలవు. 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద పదిరూపాయలకు మించని రుసుముతో ఒక దరఖాస్తు పెట్టవచ్చును. ముప్పది దినములలో జవాబు రావలెను. రేపే రెండు దరఖాస్తులు వ్రాయుడు. ఒకటి పురపాలక కమీషనరుగారికి: మన పట్టణమున వీధివర్తకుల లెక్క ఏ సంవత్సరమున ముగిసెను, ధ్రువపత్రములు ఎందరికిచ్చిరి, వర్తకులసంఘము గడచిన యేడు ఎన్నిమారులు సమావేశమయ్యెను, పట్టుకొనిన సరుకులకు వ్రాసిన జాబితాల నకళ్లేవి, కాలిబాటపై కట్టిన శాశ్వత కట్టడములలో ఎన్నింటిని తొలగించిరి? రెండవది పోలీసు కార్యాలయమునకు: హెల్మెట్టు లేనందుకు గడచిన యేడు ఎన్ని చెలానులు వ్రాసిరి, అవి ఏ కూడలులయందు వ్రాసిరి, సెక్షను 210బి క్రింద తమ శాఖవారిపై ఎన్ని వ్రాసిరి, మైనరు పిల్లలకు బండ్లిచ్చిన తండ్రులపై ఎన్ని వ్రాసిరి? జవాబులు వచ్చినపుడు వానిని ఈ బల్లమీద, వార్తాపత్రికల ప్రక్కన ఉంచుడు. మేమును వచ్చి చదివి, అంకెలను మా పత్రికలో అచ్చువేయుదుము. నెల దాటినను జవాబు రానియెడల ఆ సంగతినే అచ్చువేయుదుము.